లోపలికి వాలిన చక్రం

ముత్తంగి దాటాక ఎడమ వెనక చక్రంలో మేకు దిగింది. రోడ్డు పక్కన కనబడ్డ పంక్చర్ దుకాణం ముందు కారు ఆపాను. దుకాణం నడిపే అతను బీహార్ నుంచి వచ్చినవాడు, హిందీ తెలుగు కలిపి మాట్లాడతాడు. చక్రం విప్పి నేలమీద పడేసి, మేకు ఎక్కడుందో చేత్తో తడుముతూ ఉన్నట్టుండి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. వేలికి సన్నటి ఇనుప తీగ గుచ్చుకుంది.

"మేడం, ఇధర్ దేఖో. తార్ బయటికి వచ్చింది," అన్నాడు.

వంగి చూశాను. బయటివైపు టైరు గాడులు ఇంకా లోతుగా, నిండుగా ఉన్నాయి. మనం ఎప్పుడూ చూడని లోపలివైపు మాత్రం రబ్బరు మొత్తం అరిగిపోయి, కింది తీగలు పైకి తేలాయి. ఆ టైరుతోనే నేను రోజూ రింగురోడ్డు కింది నుంచి సంగారెడ్డికి వెళ్లి వస్తున్నాను. మేకు దిగకపోతే ఆ సంగతి టైరు పేలినప్పుడే తెలిసేది.

నేను సంగారెడ్డిలో ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. ఇల్లు ఇంద్రేశంలో, కొత్తగా వేసిన లేఅవుట్ చివర. వానాకాలం వస్తే మా ఇంటి ముందు రోడ్డు ఉండదు, బురద ఉంటుంది. మా పాత చిన్న కారు ఆ బురదలో కూరుకుపోవడం, పక్క ప్లాటులో పనిచేసే మేస్త్రీలు వచ్చి తొయ్యడం చాలాసార్లు జరిగింది. అందుకని నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందే బండి కోసం వెతికాం. చర్చిలో తెలిసినవాళ్ల ద్వారా అమీన్‌పూర్‌లో ఒక పశువుల డాక్టరమ్మ తన పాత కారు అమ్ముతున్నారని తెలిసింది. ఆవిడ సర్కారు కొలువు నుంచి రిటైరయ్యారు. మోకాళ్లు నొప్పి పెట్టి క్లచ్ తొక్కలేకపోతున్నానని చెప్పి ఇచ్చేశారు. వయసైన బండే గాని, మొదటి వానలోనే మా బురదను ఏనుగులా దాటేసింది. అప్పటి నుంచి దానిమీద నాకు ఒకలాంటి గౌరవం ఏర్పడింది.

పంక్చర్ దుకాణం నుంచి స్టెప్నీ మీద మెల్లగా పటాన్‌చెరు వచ్చి, చక్రాల అలైన్‌మెంట్ చేసే చోటికి తీసుకెళ్లాను. నాలుగు చక్రాలకూ అద్దాల్లాంటి పలకలు తగిలించారు. తెరమీద ముందు చక్రాల అంకెలు పచ్చగా, వెనకవి ఎర్రగా వచ్చాయి. కంప్యూటర్ ముందు కూర్చున్న అతను వివరించాడు. చక్రం నిటారుగా నిలబడకుండా పైభాగం లోపలికో బయటికో వాలడాన్ని క్యాంబర్ అంటారట. మా బండి వెనక చక్రాలు రెండూ పైన లోపలికి వాలాయి. అందుకే బరువంతా లోపలి అంచుమీద పడి అక్కడే అరుగుతోంది.

"మరి సరిచెయ్యండి," అన్నాను.

"ఈ బండికి వెనక క్యాంబర్ సెట్టింగ్ ఉండదు మేడం. కంపెనీ ఇయ్యలే. వెనకవి రెండు టైర్లు మార్చుకోండ్రి, నడుస్తది," అన్నాడు.

నేను తెర దగ్గరకు వెళ్లి మళ్లీ చూశాను. కుడి చక్రం కొంచెం వాలింది. ఎడమ చక్రం దానికంటే చాలా ఎక్కువ వాలింది. సెట్టింగే లేని చోట రెండు చక్రాలూ ఒకేలా ఉండాలి కదా. ఒకటి ఎందుకు తేడాగా ఉంది? అదే అడిగాను.

"పాత బండి కదా మేడం," అన్నాడతను.

పాతబడటం రెండువైపులా ఒకేసారి జరిగింది కదా అనుకున్నాను.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చాక చీర మార్చుకుని, ఒక దారానికి బరువుగా నట్టు కట్టి పార్కింగులోకి వెళ్లాను. మావారు పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీలో కరెంటు మెయింటెనెన్స్ చూస్తారు. ఆయన్ని పిలిచి దారం పట్టుకోమన్నాను.

"మిషన్ల కొలిచిండ్రు కదా, మళ్ల ఈ దారమేంది?" అన్నారు.

"మిషన్ చెప్పింది నమ్ముత. కని నా కండ్లతోని చూడాలె," అన్నాను.

చక్రం పక్కన దారం వేలాడదీసి, రిమ్ము పై అంచుకీ దారానికీ మధ్య దూరం, కింది అంచుకీ దారానికీ మధ్య దూరం స్కేలుతో కొలిచాను. రెంటికీ ఉన్న తేడాను రిమ్ము ఎత్తుతో భాగిస్తే వాలిన కోణపు టాంజెంటు, దాన్నుంచి కోణం వస్తాయి. పిల్లలకు ఏళ్ల తరబడి చెప్పిన లెక్కే. తీరా చూస్తే ఎడమ చక్రం వాలు మిషన్ చెప్పినదానికంటే ఎక్కువ వచ్చింది, కుడిది దాదాపు నిటారుగా ఉన్నట్టు వచ్చింది. కాసేపు అర్థం కాలేదు. కారణం మావారే కనిపెట్టారు.

"నీళ్లు పోవడానికని పార్కింగు ఒకదిక్కు వాటం పెట్టించినం కదనే. బండే పక్కకు ఒరిగి ఉన్నది."

పక్క ప్లాటు మేస్త్రీని అడిగి నీళ్ల పైపు తెచ్చాం. గోడల మట్టం చూసే పారదర్శకమైన పైపు. నిజంగానే నేల వాలుగా ఉంది. కారును వెనక్కి తిప్పి, అటు మొహం ఇటు చేసి మళ్లీ కొలిచాం. నేల వల్ల వచ్చిన వాలైతే ఇప్పుడు కుడి చక్రానికి మారాలి. కొంత మారింది. రెండు కొలతల సగటు తీస్తే మిషన్ చెప్పిన అంకెకు దగ్గరగా వచ్చింది. ఎడమ చక్రం నిజంగానే ఎక్కువ వాలి ఉంది. ఎదురింటి ఆవిడ బాల్కనీలో బట్టలు ఆరేస్తూ, "ఏందమ్మా, కారుకు వాస్తు చూస్తున్నరా?" అని అడిగింది. మావారు నవ్వాపుకోలేక దారం వదిలేశారు.

మర్నాడు సాయంత్రం కాలేజీ నుంచి వస్తూ హైవే పక్కనున్న ఒక షెడ్డుకు వెళ్లాను. ఇలాంటి బండ్లు బాగుచేసే మెకానిక్ అక్కడున్నాడని మావారి ఫ్యాక్టరీలో చెప్పారు. అందరూ ఆయన్ని ఉస్తాద్ అంటారు. యాభై దాటిన మనిషి, గడ్డం నెరిసింది. కళ్లద్దాలు మాటిమాటికీ నుదుటిమీదికి తోసి, మళ్లీ ఎక్కడ పెట్టానా అని వెతుక్కుంటాడు. నేను కొలిచిన కాగితం తీసి చూపించబోతే, కాగితం తర్వాత, మొదట బండి చూద్దామన్నాడు.

బండిని లిఫ్టుమీద పైకెత్తి, లైటు పట్టుకుని కింద చాలాసేపు తిరిగాడు.

"వెనక రెండే టైర్లు మార్చమన్నరా?" అని అడిగాడు.

"అవును."

"ఈ బండికి గట్ల చెయ్యొద్దు మేడం. రెండు కొత్తవి రెండు పాతవి ఉంటే చుట్టు కొలత తేడా వస్తది. ముందు చక్రాలకు, వెనక చక్రాలకు నడుమ ఒక జోడింపు ఉంటది, అది ఎప్పుడూ పరేషాన్ అయితది. మారిస్తే నాలుగూ మార్చాలె. కని వంకర తియ్యకుండ కొత్తవి ఏస్తే అవి గూడ గిట్లనే పోతయ్."

"వంకర ఎందుకొచ్చింది? అదీ ఒకదిక్కే ఎందుకెక్కువ?"

ఆయన లైటు ఆర్పి నా వైపు చూశాడు. "ఎవరన్న వెనక ఎడమదిక్కు గుద్ది ఉంటరు. రిపేరు చేయించి మీకు అమ్మి ఉంటరు."

ఆ మాటకు నా మనసు చివుక్కుమంది. డాక్టరమ్మ మోసం చేసే మనిషిలా కనిపించలేదు. ఇద్దరం కలిసి వెతికాం. గుద్ది ఉంటే వెల్డింగు మచ్చ ఉండాలి, లేదా చక్రాన్ని పట్టి ఉంచే ఇనుప చేతుల్లో ఏదో ఒకటి వంగి ఉండాలి. ఉస్తాద్ ఎడమ చక్రం ఇనుప చేతుల పొడవు, కుడి చక్రం వాటి పొడవు టేపుతో కొలిచాడు. తేడా లేదు. మచ్చలూ లేవు.

"నేననుకున్నది కాదు," అన్నాడు, గడ్డం గోక్కుంటూ. తర్వాత బండిని కిందికి దింపి, చక్రం మధ్య నుంచి పైన రేకు అంచు దాకా రెండువైపులా కొలిచాడు. ఎడమ వెనక మూల కుడిదానికంటే కిందికి ఉంది. "స్ప్రింగు కూసున్నది. ఈ బండి తయారైందే గట్ల. వెనక ఎంత కిందికి దిగితే చక్రం అంత లోపలికి వంగుతది. రెండు స్ప్రింగులూ కూసున్నయ్, ఎడమది ఎక్కువ కూసున్నది. ఎందుకనేది మీ డాక్టరమ్మనే అడగాలె."

అడగడం ఎలా అన్నదే నాకు బెరుకు. అమ్మిన బండి గురించి ఇన్నాళ్ల తర్వాత అడగడానికి వెళితే తప్పు పట్టడానికి వచ్చారనుకుంటారు. అయినా ఉండబట్టలేక ఫోన్ చేసి అమీన్‌పూర్ వెళ్లాను.

డాక్టరమ్మ ఇల్లు చెరువుకు దగ్గర. తలుపు తీసి, నన్ను చూడగానే నా వెనక నిలబడ్డ కారును చూశారు. "మంచిగున్నదా అది?" అని అడిగారు, ఇంటి మనిషి గురించి అడిగినట్టు.

చాయ్ తాగుతూ విషయం చెప్పాను. గుద్దారేమో అన్న మాట మింగేసి, ఎడమ పక్క స్ప్రింగు ఎక్కువ కుంగిందని మాత్రమే చెప్పాను. ఆవిడ కప్పు కింద పెట్టి, కాసేపు ఆలోచించి ఫక్కున నవ్వారు.

"బిడ్డా, నాతోని రా," అని మెట్ల కింద గదిలోకి తీసుకెళ్లారు. అక్కడ గోడకు ఆనించి మూడు ఇనుప పైపులు, పక్కన నేలమీద లావుపాటి గొలుసు, చైన్ పుల్లీ ఉన్నాయి. మూడు పైపుల్నీ ముక్కాలిలా నిలబెట్టి, పైన పుల్లీ తగిలించి, పడిపోయి లేవలేని పశువును మెల్లగా పైకి లేపడానికట. ఎవరూ ఇవ్వకపోతే తనే చేయించుకున్నారట.

"నా సర్వీసంత ఇది బండి ఎనక ఎడమ మూలనే. కుడిదిక్కు మందుల పెట్టె. దింపుడు ఎక్కించుడు కష్టమని ఎన్నడూ తియ్యలే. మంజీర ఒడ్డు నల్లరేగడిలకు పోవాలనే ఆ బండి కొన్న."

"చాలా పశువులను లేపిండ్రా దీంతోని?"

"లేపిన. ఒక్కసారి మాత్రం ఇజ్జత్ పోయింది," అని చెప్పుకొచ్చారు. ఈనిన మర్నాడు ఒక బర్రె చేను మధ్యలో కూలబడిందట. ఒంట్లో సున్నం తగ్గిపోయి కాళ్లు పట్టు తప్పాయని చూడగానే తెలిసింది. ఒకపక్క నరానికి కాల్షియం సీసా ఎక్కిస్తూ, మరోపక్క ఊరివాళ్లతో ముక్కాలి నిలబెట్టించారట. ఊరు ఊరంతా చూడటానికి వచ్చింది. గొలుసు ఇంకా తగిలించలేదు, సీసా అయిపోవచ్చింది. బర్రె ఒక్కసారి ఒళ్లు విదిల్చి, తనంతట తానే లేచి, ముక్కాలిని తన్ని కిందపడేసి దూడ దగ్గరికి నడిచి వెళ్లిపోయింది. "రైతు మొక్కిండు. నాకు కాదు, ఆ ఇనుప సామాన్‌కు," అన్నారు డాక్టరమ్మ.

నేను నవ్వుతూనే పైపు ఒకటి ఎత్తి చూడబోయాను. ఒక కొస మాత్రమే లేచింది.

ఉస్తాద్‌కు ఈ సంగతి చెబితే ఆయన వెంటనే ఒప్పుకోలేదు. "కావచ్చు, కాకపోవచ్చు. బరువు తోని గుంతల రోడ్లు కలిస్తే అయితది," అన్నాడు. ఏమైనా స్ప్రింగులు రెండూ మార్చాల్సిందే. అవి నగరం నుంచి రావడానికి వారం దాటింది. ఆ రోజుల్లో బస్సులో కాలేజీకి వెళుతూ, కిటికీలోంచి లారీల వెనక చక్రాలనే చూస్తూ కూర్చునేదాన్ని. కొన్ని నిటారుగా, కొన్ని ఒరిగి ఉండేవి. ఇన్నేళ్లుగా అదే రోడ్డు మీద తిరుగుతున్నా ఒక్కసారి కూడా గమనించలేదు.

స్ప్రింగులు వేసిన రోజు డాక్టరమ్మ కూడా వస్తానన్నారు. "నేను చేసిన నిర్వాకం కదా, ఎట్ల బాగైతదో సూడాలె," అని ఆటోలో షెడ్డుకు వచ్చారు. అప్పటికే పని అయిపోయింది. బండిని అలైన్‌మెంట్ దగ్గరికి తీసుకెళ్లి వచ్చిన ఉస్తాద్ మొహం మాత్రం బాగోలేదు.

"కుడి చక్రం బరాబర్ వచ్చింది. ఎడమది చూస్తే ఉల్టా అయింది. మొన్నటిదాక అన్నిటికంటే కింద ఉండె, ఇప్పుడు కుడిదానికంటే పైకి లేచింది. చక్రం గూడ బయటికి వాలింది. స్ప్రింగులు రెండూ ఒక్క తీరువే, డబ్బా మీద నంబరు చూసిన," అన్నాడు.

ముగ్గురం బండి వెనక నిలబడి చూశాం. ఎడమ మూల నిజంగానే మునివేళ్ల మీద నిలబడినట్టు ఉంది. తప్పు స్ప్రింగు పంపారేమో అన్నాను నేను. రెండూ విప్పి పక్కపక్కన పెట్టి చూద్దామా అన్నాడు ఉస్తాద్. డాక్టరమ్మ బండి చుట్టూ తిరిగారు. ఒక చెయ్యి మోకాలిమీద వేసుకుని కష్టంగా వంగి చక్రం వెనక్కి చూశారు. తర్వాత బండిని నాలుగు గజాలు ముందుకు నడిపించమన్నారు. నడిపాను. వెనక్కి తెమ్మన్నారు. తెచ్చాను.

"లేగదూడ కాలు విరిగితే కట్టు కడతం కదా," అన్నారు చివరికి. "పండుకోబెట్టి గట్టిగ కట్టేస్తే, అది లేచి నిలబడ్డప్పుడు కాలు సక్కగ ఆనదు. కట్టు పండుకున్న తీరునే పట్టుకోని ఉంటది. అందుకే నేను ఒకసారి నిలబెట్టి చూసినంకనే కట్టు పూర్తి చేస్త. మీ దాంట్ల గూడ గట్ల పట్టుకునేది ఏమన్న ఉంటదా?"

ఉస్తాద్ కళ్లద్దాలు నుదుటి మీదికి తోశాడు. తర్వాత పెద్దగా నవ్వి తలమీద కొట్టుకున్నాడు.

"ఉంటది డాక్టరమ్మా. రబ్బరు ఉంటది!"

ఆయన మాకు చూపించాడు. ఇనుప చేతుల కొసల్లో రబ్బరు నింపిన గుండ్రటి గూళ్లు ఉంటాయి. వాటి మధ్య నుంచి బోల్టు వెళుతుంది. బోల్టు బిగించినప్పుడు చెయ్యి ఏ కోణంలో ఉంటే రబ్బరు ఆ కోణాన్నే తన ఇల్లు అనుకుంటుంది. చక్రం గాలిలో వేలాడుతున్నప్పుడు బిగిస్తే, కిందికి దింపాక కూడా రబ్బరు మెలితిరిగి చక్రాన్ని వేలాడిన చోటికే తోస్తుంటుంది. అందుకే బండిని నేలమీదికి దించి, బరువు చక్రాలమీద పడ్డాకే చివరి బిగింపు బిగించాలి.

"కుడిదిక్కు గట్లనే చేసిన. ఎడమదిక్కు బోల్టు తుప్పు పట్టి రాలే. పైన ఉన్నప్పుడే పెద్ద పానా పెట్టి బలంగ తిప్పాల్సి వచ్చింది. దింపినంక మళ్ల వదులు చేద్దామనుకున్న. అంతల చాయ్ వచ్చింది," అన్నాడు. ఆయన సిగ్గుపడటం లేదు. దొరికిందన్న సంతోషంతో వెలిగిపోతున్నాడు.

బండిని గుంత మీదికి నడిపించాడు. చక్రాలు నాలుగూ నేలమీదే ఉంటాయి, మనిషి కింద గుంతలో నిలబడి పని చేసుకోవచ్చు. ఎడమ బోల్టులు వదులు చేయగానే లోపల ఏదో కిర్రుమంది. నా కళ్ల ముందే బండి ఎడమ మూల మెల్లగా కిందికి దిగింది. ఎవరూ ముట్టుకోలేదు. డాక్టరమ్మ నా భుజం పట్టుకున్నారు.

"సూడు, ఊపిరి వదిలింది," అన్నారు.

డిక్కీని రెండు చేతులతో నాలుగైదుసార్లు నొక్కి వదలమని ఉస్తాద్ కింద నుంచి అరిచాడు. నేను నొక్కాను. బండి ఊగి ఊగి కుదురుకున్నాక బిగించాడు. మళ్లీ అలైన్‌మెంట్ దగ్గరికి వెళ్లాం. ఈసారి రెండు చక్రాలూ దాదాపు ఒకేలా వచ్చాయి. ఎడమది మాత్రం ఇంకా పిసరంత లోపలికి ఉంది.

"సెట్టింగ్ లేదన్నరు కదా, ఇది ఎట్ల?" అని అడిగాను.

"కంపెనీ ఇయ్యలే. మనం పెట్టుకోవచ్చు," అని జేబులోంచి ఒక బోల్టు తీశాడు. చూడటానికి మామూలు బోల్టే. నడుము దగ్గర మాత్రం ఒకవైపు ఉబ్బెత్తుగా ఉంది. తిప్పుతుంటే ఆ ఉబ్బు చక్రం పైనున్న ఇనుప చేతిని కొద్దికొద్దిగా బయటికో లోపలికో జరుపుతుంది. తెర ముందు నన్ను నిలబెట్టి అంకెలు చదవమన్నాడు. ఆయన అక్కడి గుంతలో దిగి బోల్టు తిప్పుతుంటే నేను పైన చదివాను. ఎర్ర అంకె పచ్చగా మారినప్పుడు, క్లాసులో పిల్లవాడు సరైన జవాబు చెప్పినప్పుడు అన్నట్టే "ఆ, గదీ!" అని అరిచేశాను. క్యాంబర్ మారితే చక్రం ముందుకు చూసే దిక్కు కూడా కొంచెం మారుతుందట. అందుకని దాన్ని ఆఖర్న సరిచేశాడు. సెట్టింగ్ ఉండదని మొదట చెప్పిన కంప్యూటర్ అతను కూడా లేచి వచ్చి గుంతలోకి తొంగి చూశాడు. ఆ బోల్టు ఎక్కడ దొరుకుతుందని ఉస్తాద్‌ను అడిగి తెలుసుకున్నాడు.

షెడ్డుకు తిరిగొచ్చి కొత్త టైర్లు నాలుగూ ఎక్కించేసరికి ఎండ తగ్గింది. డాక్టరమ్మను అమీన్‌పూర్‌లో దింపుతానన్నాను. ఆవిడ కారులో కూర్చోగానే ఉస్తాద్ వచ్చి కొంచెం మొహమాటంగా నిలబడ్డాడు.

"డాక్టరమ్మా, రిటైరైండ్రు, అడగొద్దు. కని మా ఇంట్ల మేక ఉన్నది. ఎనక కాలు ఎత్తెత్తి ఏస్తున్నది. జెర సూస్తరా?"

డాక్టరమ్మ అప్పటికే దిగుతున్నారు. "ఏ కాలు? కుడిదా, ఎడమదా?"

షెడ్డు వెనకే ఆయన ఇల్లు. రేకుల పందిరి కింద గోధుమరంగు మేక నిలబడి ఉంది. డాక్టరమ్మ దాన్ని పట్టుకోనివ్వలేదు. ముందు అది నడవాలన్నారు. ఉస్తాద్ భార్య గుప్పెడు ఆకులు పట్టుకుని వాకిలి ఆ చివర నిలబడింది. మేక అటు నడిచింది. ముగ్గురం దాని వెనక వంగి చూశాం. నేను కాలి మడమ ఎటు వాలుతోందా అని చూస్తున్నాను. ఉస్తాద్ కూడా తల పక్కకు వంచి అదే చూస్తున్నాడు.

"గిట్ట పెరిగి కిందికి మడతపడ్డది. మట్టి ఇరికింది. గంతే," అన్నారు డాక్టరమ్మ. "బండల నేల కాదు కదా, అరగదు. పదునైన కత్తెర తేండ్రి. నువ్వు దీని మెడ పట్టుకో బిడ్డా."

నేను మేక మెడ చుట్టూ చెయ్యి వేసి పట్టుకున్నాను. అది నా చున్నీ కొస నమలడం మొదలుపెట్టింది. డాక్టరమ్మ ఒక పీట మీద కూర్చుని, మేక కాలు తన ఒడిలోకి తీసుకుని, పెరిగిన గిట్ట అంచును పొరలు పొరలుగా కత్తిరించారు. ఎంత కత్తిరించాలో ఎలా తెలుస్తుందని ఉస్తాద్ అడిగాడు. రంగు మారుతుంది చూడమని చూపించారు. ఆయన కళ్లద్దాలు కిందికి దించుకుని దగ్గరగా చూశాడు. నేనూ మెడ పట్టుకునే ముందుకు వంగాను. తెల్లటి గిట్ట కింద లేత గులాబీ రంగు మొదలవుతోంది. అక్కడితో ఆపేయాలట.

కాలు వదలగానే మేక నా చేతుల్లోంచి జారి, రెండడుగులు అనుమానంగా వేసి, తర్వాత ఆకుల కోసం పరుగు తీసింది.